గేరి మొగదల ఇనుప పెట్టె

ఆ ఇనుప పెట్టెను తెచ్చి నిలబెట్టిన రోజు మిషన్ గేరి వీధిలో అందరూ సంతోషపడ్డారు. సలోమి కూడా పడింది. ఆ సంగతి ఆమె తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు.

అది ఎనభై రెండో సంవత్సరం. ఆళ్ళగడ్డలో మిల్లు యజమానులు, బట్టల కొట్ల వాళ్ళు, భూములున్న రైతులు కొందరు కలిసి వర్తక సేవా సంఘమని ఒకటి పెట్టుకున్నారు. బియ్యం మిల్లు చెన్నకేశవులు దానికి అధ్యక్షుడు. బీదాబిక్కీకి పాతబట్టలు పంచాలని ఆయనకు ఆలోచన వచ్చింది. రేకుతో మనిషెత్తు పెట్టె చేయించి, ఆకుపచ్చ రంగు కొట్టించి, దాని మీద 'వస్త్రదానం' అని తెల్లటి అక్షరాలు రాయించినాడు. పైన బట్టలు వేసేందుకు కంత, కింద తాళం వేసే తలుపు. యాడ పెట్టాలనే మాట వచ్చినప్పుడు, తీసుకునేవాళ్ళ గడప ముందరే పెడితే వాళ్ళకు తిరిగే పని తప్పుతుంది కదా అని సంఘంలో అందరూ ఒప్పుకున్నారు.

మిషన్ గేరి బజారు రోడ్డులోనుంచి పక్కకు తిరుగుతుంది. ఆ మలుపులో నాపరాళ్ళు పరిచిన చోటు ఒకటుండేది. ఆడవాళ్ళు అక్కడ కూర్చుని బియ్యం ఏరుకునేవాళ్ళు, సాయంత్రం పూట తలలు దువ్వుకునేవాళ్ళు. ఆ చోటుకు ఎదురుగా ఉండే మొదటి ఇల్లు సలోమిది. భర్త సున్నిపెంటలో డ్యాము పనికి పోయి నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో సలోమి, ఆమె అత్త జీవమ్మ, ఒక కుట్టుమిషను. పెండ్లికి ముందు సలోమి నంద్యాల మిషను కాంపౌండులో కుట్టుపని నేర్చుకుంది. ఆమె కుట్టిన రవిక భుజం దగ్గర ముడతపడదని బజారులో పేరు. అందుకే పెద్దిళ్ళ ఆడవాళ్ళు కూడా గుడ్డ పంపించి ఆమెతోనే కుట్టించుకునేవాళ్ళు.

ఆ నాపరాళ్ళ మీద పెట్టె పెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టినారు, ఫోటో తీసుకున్నారు. మొదట్లో మంచి బట్టలే పడ్డాయి. శనివారం శనివారం సంఘం వాచ్‌మన్ నరసింహులు వచ్చి తాళం తీసి పంచేవాడు. జీవమ్మకు ఒక ఉన్ని శాలువా దొరికింది. దాన్ని ఎండలో కూడా కప్పుకుని తిరిగింది ముసల్ది.

తర్వాత తర్వాత చినిగిన లుంగీలు, చంకలు పోయిన చొక్కాలు, ఎలుకలు కొట్టిన దుప్పట్లు రావడం మొదలైంది. పెట్టె నిండిపోతే పక్కన పడేసి పోయేవాళ్ళు. పక్కన పడేసే అలవాటయ్యాక బట్టలే అయ్యుండాలని ఎవరికీ తోచలేదు. ఎవరో చచ్చిపోయిన మంచం మీది పరుపు వచ్చింది. మంగలి షాపు వెంట్రుకలు వచ్చాయి. పగిలిన సీసాలు, కుళ్ళిన ఉల్లిగడ్డలు, చింతపండు తీసిన పిప్పి. మాఘమాసం పెండ్లిళ్ళప్పుడు ఎంగిలి విస్తరాకులు బండ్ల మీద తెచ్చి కుమ్మరించినారు. పందులు చేరినాయి. ఈగలు సలోమి మిషను మీద, కుట్టే గుడ్డ మీద, జీవమ్మ తినే సంగటి మీద. పెద్దిళ్ళకు పోయే రవికలను ఆమె పాత చీరలో చుట్టి పెట్టుకోవాల్సి వచ్చింది.

ఒకరోజు పొద్దున పంచె ఎగగట్టుకున్న మనిషి ఒకడు గంప తెచ్చి ఆమె కండ్ల ముందరే బోర్లించినాడు. హోటలు కసువు. బూడిద, టీపొడి, కోడిగుడ్డు పెంకులు.

సలోమి మిషను ఆపి లేచి పోయింది. "ఏందప్పా ఇది? బట్టలా?"

వాడు గంప తట్టుకుంటా, "దానం పెట్టె గదమ్మా. పనికొచ్చేది ఏరుకోండి" అని వెనక్కి తిరిగి చూడకుండా పోయినాడు.

ఏరుకోండి. ఆ ఒక్క మాట సలోమిని వదల్లేదు. నంద్యాలలో ఉన్నప్పుడు కాంపౌండుకు యాడెక్కడి నుంచో పాతబట్టల మూటలు వచ్చేవి. కుట్టు నేర్పే కమలాక్షమ్మ టీచరు ఆ మూటలు విప్పించి, ఉతికించి, ఊడిన గుండీలు కుట్టించి, ఇస్త్రీ పెట్టించి, అప్పుడు గానీ ఒకరి చేతికి ఇవ్వనిచ్చేది కాదు. "నువ్వు తొడుక్కుంటావా దీన్ని?" అని ప్రతి గుడ్డకూ అడిగేది. తొడుక్కోను అంటే అది మసిగుడ్డల్లోకి పోయేది. కుట్టు నేర్చుకునే పిల్లలకు అప్పుడు విసుగ్గా ఉండేది. ఇప్పుడు సలోమికి ఆ ముసలి టీచరు మీద ఎక్కడలేని ప్రేమ పొంగింది.

చీర మార్చుకుని నడిబజారులో సంఘం ఆఫీసుకు పోయింది. చెన్నకేశవులు ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. మంచి మాటకారి. మనిషిని కసురుకునే రకం కాదు.

"రామ్మా సలోమీ. ఏం కథ?"

"అయ్యా, పెట్టె చుట్టూ చెత్త గుట్ట పడిండాది. మా ఇంటి కంటే ఎత్తయ్యేట్టుండాది. మీరే ఒకసారి వచ్చి చూడండి."

"నరసింహులు చెప్పినాడులే. ఏం చేస్తామమ్మా? ఇచ్చేవాళ్ళను ఇది తే, అది తేవద్దు అని గీత గీస్తే రేపు ఎవరిస్తారు? కొంచెం ఓర్చుకోవల్ల."

"అట్లయితే పెట్టెను ఈడ మీ ఆఫీసు ముందర పెట్టుకోండి. మేమే నడిచొచ్చి తీసుకుంటాం. మాకేం కాళ్ళు నొయ్యవు."

ఆయన నవ్వినాడు. "నడిబజార్లోనా? జనం తిరిగే చోటమ్మా ఇది."

"మా గేరిలో తిరిగేది జనం కాదాప్పా?"

ఆయన ముఖంలో నవ్వు ఉన్నట్టే ఉండి బిగుసుకుంది. "చూస్తాం పోమ్మా" అన్నాడు.

ఇంటికొస్తే జీవమ్మ కూడా కోడలినే తప్పుపట్టింది. "పెద్దోళ్ళతో నీకెందుకే? ఇచ్చే చెయ్యి ఆగిపోతాది. చలికాలం మళ్ళీ రాదా?"

"నీ శాలువా ఎవరూ పెరుక్కోవడం లేదులే అత్తా" అని సలోమి మిషను తొక్కింది.

చెన్నకేశవులు చూస్తానన్నది వేసవి మొదలయ్యాక చూసినాడు. సంఘం పెట్టి ఏడాదయిందని సభ పెట్టుకున్నారు. నంద్యాల నుంచి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడట, సభ కాగానే ఆయన్ను తీసుకొచ్చి పెట్టెను చూపిస్తారట. అంత చెత్త మధ్యలో ఎట్ల చూపిస్తారు? సభకు ముందురోజు మధ్యాహ్నం నరసింహులు వచ్చినాడు. ఎత్తిపోసేందుకు బండి లేదు, మనుషులూ లేరు. చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంది.

"వద్దన్నా, గాలి తిరిగుండాది. చుట్టూ బోదగడ్డి కొట్టాలు" అని సలోమి అరిచింది.

"సాయంత్రానికి శుభ్రంగా ఉండాలని చెప్పినారమ్మా నాకు" అని అతను గుట్ట మీద నూనె చల్లి అంటించినాడు.

పరుపులోని దూది, ఎండిన విస్తరాకులు. గుప్పున లేచింది. కాసేపు నల్లటి పొగ. ఆ తర్వాత గాలి ఒక్క ఊపు ఊపింది. మంటలు పట్టుకున్న విస్తరాకులు కాకుల్లాగా ఎగిరిపోయి, గేరి చివర కొండయ్య కొట్టం మీద వాలినాయి.

కొండయ్య, అతని పెండ్లాం మహాలక్ష్మి అప్పుడు ఉయ్యాలవాడ వైపు మిరపకాయలు తెంపే కూలికి పోయి ఉన్నారు. పిల్లలు బడిలో. ఆడవాళ్ళు బావి దగ్గర్నుంచి బిందెలందుకున్నారు. బండి తోలే మోషే పక్క కొట్టం మీదికెక్కి బోద పీకి కింద పడేసినాడు. అందుకే ఆ వరసలో మిగతా ఇళ్ళు నిలబడ్డాయి. కొండయ్యకు మాత్రం నాలుగు గుంజలు మిగిలినాయి. అవి కూడా నల్లగా. నరసింహులు ఖాళీ డబ్బా పట్టుకుని రోడ్డు మీదే నిలబడిపోయినాడు. నీళ్ళు మోసేందుకు రమ్మంటే వచ్చి మోసినాడు, అది కూడా చెప్పాలి.

కబురు తెలిసి చెన్నకేశవులు జీపులో వచ్చినాడు. అప్పటికి మొగుడూపెండ్లాలు కూడా పరుగెత్తుకొచ్చి బూడిదలో కట్టెతో గెలుకుతున్నారు. గింజల కుండ పగిలి జొన్నలు బొగ్గయినాయి. మహాలక్ష్మి ఏడవడం కూడా మరిచిపోయి మాడిన ట్రంకుపెట్టె మూతను చేతులు కాలతాయని లేకుండా లాగుతోంది.

"అయ్యో అయ్యో" అన్నాడు చెన్నకేశవులు. ఆయన బాధ ఉత్తుత్తిది కాదు. కానీ ఆ బాధలో ఆయనకు తట్టింది ఒకటే. జేబులోంచి తాళంచెవి తీసి నరసింహులుకిచ్చినాడు. "పెట్టె తెరువు. కొండయ్యా, మీకు ఏమేం కావాల్నో అన్నీ తీసుకోండి. మొహమాటపడొద్దు."

మంటకు రంగు పొరలు పొరలుగా లేచిపోయిన పెట్టె తలుపు కిర్రుమని తెరుచుకుంది. లోపల ఒక చెయ్యి లేని కోటు. బొంత గుడ్డలు. ఎవరిదో సర్కస్ వాళ్ళ బట్టలాగా తళుకులు ఊడిన గాగ్రా. మిగతాది ముద్దలు కట్టి వాసన కొడుతోంది.

మహాలక్ష్మి చెయ్యి చాపింది.

"ముట్టుకోవద్దు మే!" అనింది సలోమి.

మహాలక్ష్మి వెనక్కి తిరిగింది. ఆమె కోపం సలోమి మీదికే వచ్చింది. "నీకేమక్కా, నీ ఇల్లు నిలబడుండాది. నా పిల్లోళ్ళు కట్టుబట్టల్తో మిగిలినారు. రేపు వాళ్ళకు నీ పౌరుషం తొడగమంటావా?"

నిజమే కదా. వద్దనడం తేలిక, వద్దన్న తర్వాత చెయ్యాల్సిన పని ఎవరు చెయ్యాల? సలోమి గబగబా ఇంట్లోకి పోయింది. ట్రంకు అడుగున ఉండే పెండ్లి చీర తీసింది. నీలం రంగు, సన్న జరీ. ఇంకో రెండు చీరలు, మొగుని పంచె తీసింది. బయటికి తెచ్చి అందరి ముందరా మిషను మీద పరిచి, కత్తెర పెట్టి పరపరా కత్తిరించింది.

"ఏం చేస్తాండావే!" అని జీవమ్మ గుండె పట్టుకుంది.

"పిల్లోళ్ళకు గౌన్లు, చొక్కాలు. పొద్దు కుంకేలోగా అయిపోతాయి." సలోమి తలెత్తి చెన్నకేశవుల వైపు చూసింది. "మీ పెట్టె మూసుకోండయ్యా. దాంట్లో ఉన్నవి మా ఇండ్లలో నేల తుడవడానికి కూడా పెట్టం."

అది చూసి పక్కింటామె ఒక చీర తెచ్చింది. ఇంకొకామె రెండు కంచాలు, ఒక బిందె తెచ్చింది. మోషే తన ఇంట్లో నుంచి జొన్నల మూట ఎత్తుకొచ్చినాడు. "అత్తా, నీ శాలువా?" అని ఎవరో కొంటెగా అడిగితే, "అది మాత్రం ఇయ్యను. నాకు చలి" అని జీవమ్మ కొంగులోకి దాచుకుంది. అంత దుఃఖంలోనూ మహాలక్ష్మికి నవ్వు వచ్చింది.

సభ ఆపుతారని గేరిలో అనుకున్నారు. ఆపలేదు. మరునాడు పొద్దున్నే సంఘం ఆఫీసు ముందర షామియానా వేసినారు, మైకులో పాటలు పెట్టినారు. ఆ పాటలు వింటా సలోమి మిషను ముందర కూర్చోలేకపోయింది. మోషే ఇంటికి పోయింది.

"చిన్నాయనా, బండి కట్టు."

"ఏం ఎత్తాలమ్మా?"

"పెట్టె."

మోషే ఎద్దులను విప్పుకొచ్చినాడు. గేరిలో ఆడామగా అందరూ చెయ్యేసి పెట్టెను బండికెక్కించినారు. అది ఎంత బరువంటే బండి ఒక పక్కకు ఒరిగింది. కాలగా మిగిలిన చెత్తను కూడా గంపలకెత్తి దాని చుట్టూ పోసినారు. బండి ముందర మోషే, వెనక సలోమి, కొండయ్య, మహాలక్ష్మి, మిగతా వాళ్ళు. బజారులో కొట్ల వాళ్ళు మెట్ల మీదికొచ్చి చూసినారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ కలవలేదు.

షామియానా ముందర బండి ఆగేసరికి నంద్యాల పెద్దమనిషి మెడలో దండతో మాట్లాడుతున్నాడు. మాట ఆగిపోయింది.

చెన్నకేశవులు వేదిక దిగి వచ్చినాడు. గొంతు తగ్గించి, "సలోమీ, ఇది సమయమా? తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

సలోమి గొంతు తగ్గించలేదు. "మీరు పెట్టెను చూపిస్తామని ఈ అయ్యను పిలిపించినారంట. అంత దూరం నడిచే శ్రమ ఎందుకని మేమే తెచ్చినాం. చూపించండి."

కొండయ్య, మోషే, మిగతా మగవాళ్ళు పెట్టెను దింపి ఆఫీసు మెట్ల పక్కన నిలబెట్టినారు. గంపలు దాని చుట్టూ బోర్లించినారు. కుర్చీల్లో ముందు వరస వాళ్ళు ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని లేచినారు.

"ఏం అన్యాయమమ్మా ఇది!" అని ఒక బట్టల కొట్టాయన అరిచినాడు. "దానం చేస్తే ఇట్లనా చేసేది?"

"ఏడాది పొడుగునా మా ముక్కుల కింద ఉండిందిదే గదప్పా. మీకు ఒక్క పూటకే ఓర్వలేక పాయనే!" అనింది సలోమి. "మేము అడగలేదు మీ పెట్టె. ఇచ్చినారు, మంచిదే అనుకున్నాం. మా గడప ముందర ఊరి కసువంతా పోసి, ఏరుకోండి అంటిరి. నిన్న ఈ కొండయ్య కొట్టం మీ మంటకు కాలిపాయ. దాని బదులు మాకు చెయ్యి లేని కోటు వద్దు. కొట్టం కట్టియ్యండి. అది దానమని మాత్రం రాయించుకోవద్దు. కాలబెట్టినోళ్ళు కట్టియ్యాల, అంతే."

పెద్దమనిషి ఏదో అంటాడని అందరూ ఆయన వైపు చూసినారు. ఆయన గడియారం చూసుకుని, సోడా తాగి, కారెక్కి పోయినాడు. ఆయన వల్ల అటూ ఏమీ కాలేదు, ఇటూ ఏమీ కాలేదు.

సంఘం వాళ్ళు ఊరుకుంటారా? మరుసటి రోజు ట్రాక్టరు మీద పెట్టెను మళ్ళీ గేరికి తోలించినారు. వెంట చెన్నకేశవులు, ఒక హెడ్ కానిస్టేబులు కూడా వచ్చినారు. కానీ వాళ్ళొచ్చేసరికి నాపరాళ్ళ చోటు కడిగి ఉంది. దాని నడిమధ్యన సలోమి కుట్టుమిషను. సలోమి మిషను తొక్కుతోంది. చుట్టూ ఆడవాళ్ళు చాటలు పెట్టుకుని బియ్యం ఏరుతున్నారు. జీవమ్మ శాలువా కప్పుకుని ఒక మూల కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"లెయ్యమ్మా, పెట్టె దింపాల" అన్నాడు హెడ్ కానిస్టేబులు.

"నేను పని చేసుకుంటాండా సార్. ఇంట్లో వెలుతురు చాలదు."

"పెట్టె వాళ్ళది గదా?"

"వాళ్ళదే. ఎవరు కాదన్నారు? వాళ్ళ పెట్టె వాళ్ళ ఇంట్లో పెట్టుకోమనండి."

"మొండి చెయ్యొద్దు. నేను లాగించేస్తే బాగుంటాదా?"

సలోమి సూదిలోకి దారం ఎక్కిస్తా, "లాగించండి. ముందు మా అత్తను లేపండి. ఆమెను లేపినోడిని నేను ఇంతవరకూ చూడలేదు" అనింది.

జీవమ్మ అతన్ని పైకీ కిందికీ చూసింది. "రా నాయనా, లేపు" అనింది.

ఆడవాళ్ళు పక్కున నవ్వినారు. అతను టోపీ తీసి తల గోక్కుని, కాలిపోయిన గుంజల వైపు ఒకసారి చూసి, ట్రాక్టరు దగ్గరికి పోయి చెన్నకేశవులతో, "ఆడ జాగా లేదన్నా" అన్నాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది.

గెలిచినామని ఆ రోజు గేరిలో అందరూ అనుకున్నారు. సలోమికి మాత్రం ఆ గెలుపు కడుపు నింపలేదు. బజారు నుంచి రవిక గుడ్డలు రావడం నిలిచిపోయింది. ఇంకా కుట్టని గుడ్డలను కూడా కొందరు మనిషిని పంపి వెనక్కి తెప్పించుకున్నారు. 'దాని నోటి వల్ల ఊళ్ళో బీదోళ్ళకు బట్టలు లేకుండా పోయె' అని చెప్పుకున్నారు. ఆమె బస్సెక్కి నంద్యాల పోయి, కాంపౌండు బడి పిల్లల యూనిఫారాలు మూటగట్టి తెచ్చుకుని కుట్టింది. అదీ అరకొరే. భర్త సున్నిపెంట నుంచి వచ్చి, "ఒకసారి పోయి చెన్నకేశవులన్నతో మంచిగా మాట్లాడరాదా" అన్నాడు. "మంచిగా ఒకసారి పోయినా. నువ్వు కావల్నంటే పో" అనింది. అతనూ పోలేదు.

నెల గడవకముందే ఒక పొద్దున మిల్లు బండి ఒకటి వచ్చి గేరి చివర ఆగింది. వాసాలు, బోద, తాళ్ళు. నరసింహులు దింపించినాడు. ఎవరు పంపినారని కొండయ్య అడిగితే, "పంపినారు, అంతే. కట్టుకో" అన్నాడు. తనూ పంచె ఎగగట్టి గుంజలు పాతినాడు. పెట్టె కొన్నాళ్ళు ఆఫీసు మెట్ల పక్కనే ఉండింది. అక్కడ ఎవరో ఒకరోజు విస్తరాకులు పడేస్తే కొట్ల వాళ్ళు పెద్ద గొడవ చేసి వాళ్ళచేతనే ఎత్తించినారు. తర్వాత దాన్ని మిల్లులోకి తీసుకుపోయినారని చెప్పుకున్నారు. సలోమి మాత్రం మిషనును మళ్ళీ ఇంట్లోకి చేర్చలేదు. నాపరాళ్ళ మీద చిన్న పందిరి వేసుకుని, రోజూ అక్కడే కుట్టింది.

కార్తీకంలో ఒకరోజు చెన్నకేశవుల భార్య సరోజమ్మ రిక్షా దిగి పందిరి ముందుకొచ్చి నిలబడింది. ఒక చంకలో రవిక గుడ్డ, ఇంకో చంకలో మడతపెట్టిన చీరలు రెండు.

"ఇంకొకామె కుట్టిన రవికలు వేసుకోలేక చస్తాండా మే. నువ్వే కుట్టు" అని గుడ్డ ఇచ్చింది. తర్వాత కొంచెం తడబడుతూ చీరలు చూపించింది. "ఇవి మంచివే. ఉతికి తెచ్చినా. పెట్టె లేదు గదా, యాడ వెయ్యాల?"

"వెయ్యడమెందుకమ్మా? మనిషి చేతికియ్యండి. మహాలక్ష్మి ఇల్లు ఆ చివర."

సరోజమ్మ గేరిలోకి చూసింది. అంత వయసొచ్చినా ఆమె ఆ మలుపు దాటి లోపలికి పోయింది లేదు. సలోమి లేచి ముందు నడిచింది. సరోజమ్మ ఆమె వెనకే వచ్చింది.

కొత్త కొట్టం ముందర మహాలక్ష్మి జొన్నలు చెరుగుతోంది. పెద్దామెను చూసి హడావుడిగా లేవలేదు. చేతిలో ఉన్న చాటెడు చెరగడం అయ్యాక పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, చీరలు రెండూ అందుకుని ఒక్కొక్కటే విప్పి వెలుతురుకు పెట్టి చూసింది.

"ఈ ఆకుపచ్చది బాగుండాది. ఉంచుకుంటా" అని రెండోదాన్ని మడత చెడకుండా తిరిగిచ్చింది. "ఇది వద్దమ్మా. ఈ రంగు నాకు నచ్చలేదు."

సరోజమ్మ ఆ చీరను మళ్ళీ చంకలో పెట్టుకుంది. "నాకూ నచ్చకనే పక్కన పెట్టినాలే" అనింది.

"మరి నాకెట్ల నచ్చుతాదనుకున్నావమ్మా?" అని మహాలక్ష్మి చాట చేతిలోకి తీసుకుంది.